పిక్క పట్టినా బరిలకు దిగిండు.. హాలిబర్టన్ ఆట మనకేం చెప్తది?

2025 జూన్ 23, సోమవారం. పొద్దుగాల ఐదున్నర అయితుంది. ఇంట్ల ఇంకా ఎవ్వరు లేవలె. నేను సెల్లు పట్టుకొని వాకిట్ల కూసున్న. మా ఇంటికాడ సిగ్నల్ జర మంచిగ దొరికేది ఆడనే. అమెరికాల అప్పుడు ఆదివారం రాత్రి. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌ల ఏడో ఆట నడుస్తుంది. ఇండియానా పేసర్స్ ఒక దిక్కు, ఓక్లహోమా సిటీ థండర్ ఒక దిక్కు. మూడు ఆటలు వీళ్లు గెలిచిండ్రు, మూడు వాళ్లు గెలిచిండ్రు. ఇది గెలిచినోళ్లదే కప్పు.

పేసర్స్ టీంల సున్నా నంబరు బనీను తొడుక్కున్న పోరడు ఒకడున్నడు. పేరు టైరీస్ హాలిబర్టన్. వయసు 25 ఏండ్లు. మొదటి ఏడు నిమిషాలల్లనే దూరంకెళ్లి మూడు షాట్లు వేసిండు, తొమ్మిది పాయింట్లు తెచ్చిండు. ఇగ ఇయ్యాల ఈన్ని ఆపేటోడు లేడు అనుకున్న. అంతల్నే బంతి పట్టుకొని ముందట్కి ఉరుకబోయి కింద పడ్డడు. ఎవ్వరు తాకలె, ఎవ్వరు నూకలె. కాలు మోపి అడుగేసేటాళ్లకు కూలిపోయిండు. చేతితోని నేలను బాదుకుంట ఏడ్చిండు. కుడికాలు మడమ వెనుక నరం తెగింది.

మా అమ్మ అప్పుడే లేసి వచ్చింది. "ఏమైందిరా, పొద్దుగాల్నే మొఖం అట్ల పెట్టినవ్" అని అడిగింది. "అమెరికాల ఒక పిలగాని కాలు పోయిందే" అన్న. "ఎవ్వని కొడుకో పాపం" అనుకుంట వాకిలి ఊడ్వవట్టింది.

నేను బాస్కెట్‌బాల్ ఆడినోన్ని కాదు. మా ఊర్ల ఆ ఆటకు గ్రౌండే లేదు. నేను ఆడింది వాలీబాల్. అండ్ల బంతి లేపి ఇచ్చే సెట్టర్‌ను. నేను లేపితే పక్కోడు ఎగిరి కొడుతడు. ఈలలు, చప్పట్లు వానికే. బంతి సరిగ్గా లేపినోన్ని ఎవ్వడు చూడడు. హాలిబర్టన్ మీద నాకు మనసు పడ్డది గందుకే. ఆయన కూడా కొట్టేటోని కన్నా ముందు ఇచ్చేటోడు. ఇంకో కారణం నా మోకాలు. దాని సంగతి ఆఖరుకు చెప్త.

ఆట తెల్వనోళ్లకు నాలుగు ముక్కలు

బాస్కెట్‌బాల్ల టీంకు ఐదుగురు ఆడుతరు. ఎన్‌బీఏల ఆట 48 నిమిషాలు, 12 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. దగ్గరికెళ్లి వేస్తే రెండు పాయింట్లు, గీత అవతలికెళ్లి వేస్తే మూడు. నువ్వు ఇచ్చిన పాస్‌తోని పక్కోడు వెంటనే బుట్టల వేస్తే, ఆ పాయింట్లు వానియి, నీ ఖాతాల ఒక "అసిస్ట్" రాస్తరు. నీ చేతులకెళ్లి బంతి ఎదుటోళ్లకు పోతే దాన్ని "టర్నోవర్" అంటరు. బంతి తెచ్చి, ఎవ్వలికి ఎప్పుడు ఇయ్యాల్నో చూసి ఇచ్చేటోన్ని పాయింట్ గార్డ్ అంటరు. హాలిబర్టన్ పని అదే.

లీగ్‌ల 30 టీంలు ఉన్నయి. ఒక్కో టీం సీజన్ల 82 ఆటలు ఆడాలె. ఆ తర్వాత ప్లేఆఫ్స్. అండ్ల ఏడు ఆటలల్ల నాలుగు ముందు గెలిచినోళ్లు పైకి పోతరు. అక్టోబర్ల మొదలైతే జూన్ దాకా ఉరుకుడే. పానం మీద ఎంత బరువు పడుతదో మీరే లెక్కేసుకోండ్రి.

పదకొండు టీంలు పక్కకు పెట్టిన పిలగాడు

హాలిబర్టన్ 2000 ఫిబ్రవరి 29న పుట్టిండు. పుట్టినరోజు నాలుగేండ్లకొకసారి వచ్చేటోడు. ఊరు విస్కాన్సిన్ రాష్ట్రంల ఆష్‌కాష్. న్యూయార్క్, చికాగో లెక్క పెద్ద నగరం కాదు, చలి ఎక్కువుండే చిన్న టౌను. తండ్రి జాన్ బాస్కెట్‌బాల్ రిఫరీగ చేసిండు. 2018ల ఆష్‌కాష్ నార్త్ హైస్కూల్‌ను రాష్ట్ర చాంపియన్ చేసి బయటికొచ్చిండు.

అయినా పెద్ద పెద్ద కాలేజీలు ఎగబడలె. ఎందుకంటే బక్కగ ఉంటుండె. షాట్ వేసే తీరు ఎవ్వలికీ నచ్చలె. అందరు బంతిని నెత్తి మీదికెళ్లి వదులుతరు. ఈయన బంతిని రొమ్ము కాడికెళ్లే, జర పక్కకు వొంగి నూకినట్టు వేస్తడు. చూసినోళ్లు నవ్వేటట్టే ఉంటది. కానీ పడుతది. ఎన్‌బీఏల మొదటి ఏడాది మూడు పాయింట్ల షాట్లు నూరు వేస్తే దాదాపు 41 పడ్డయి. మంచి షూటర్లకు కూడా అది తక్కువ లెక్కేం కాదు.

అయోవా స్టేట్ యూనివర్సిటీల రెండేండ్లు ఆడిండు. మొదటి ఏడాదిల్నే ఒక్క ఆటల 17 అసిస్టులు ఇచ్చి ఆ యూనివర్సిటీ రికార్డు కొట్టిండు. 2019ల అండర్-19 ప్రపంచకప్ అమెరికా గెలిచింది, ఆ టీంల ఈయన కీలకం. 2020 ఫిబ్రవరిల మణికట్టు ఎముక ఇరిగి ఆ సీజన్ ఆడనే ఆగింది.

అదే ఏడాది నవంబర్‌ల డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే టీంలు వంతుల వారీగ కొత్త ఆటగాళ్లను ఎంచుకునుడు. పదకొండు టీంలు ఈయనను చూసి పక్కకు పెట్టినయి. పన్నెండో వంతుల శాక్రమెంటో కింగ్స్ తీసుకుంది. ఏడాది తిరిగేటాళ్లకు కొత్తోళ్లల్ల ఉత్తమ ఆటగాడి ఓట్లల్ల మూడో స్థానంల నిలిచిండు.

ఇండ్ల మనకొక చిన్న చుట్టరికం కూడా ఉంది. మన దేశంల మొట్టమొదటి ఎన్‌బీఏ ఆటలు 2019 అక్టోబర్ 4, 5 తారీఖులల్ల ముంబైల జరిగినయి. ఆడింది ఏ టీంలనుకున్నరు? శాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్. కింగ్స్ ఓనర్ వివేక్ రణదివే పుట్టింది ముంబైలనే. అప్పటికి హాలిబర్టన్ ఇంకా కాలేజీ పిలగాడు. తర్వాత తన బతుకంతా ఆ రెండు టీంల నడుమనే తిరుగుతదని ఆయనకు అప్పుడేం ఎరుక!

నచ్చిన ఊరు నూకేస్తే

2022 ఫిబ్రవరి 8. శాక్రమెంటో హాలిబర్టన్‌ను ఇండియానాకు ఇచ్చేసింది. బదులుగ డొమాంటాస్ సబోనిస్ అనే పెద్ద ఆటగాన్ని తెచ్చుకుంది. ఎన్‌బీఏల దీన్ని ట్రేడ్ అంటరు. ఎక్కువ మంది ఆటగాళ్లకు ఇండ్ల అడిగే హక్కు ఉండదు. పొద్దుగాల ఒక ఊర్ల ఉంటవు, మాపటికి ఇంకో ఊరికి సామాన్లు సదురుకోవాలె. ఆ టీంకు మంచి రోజులు నేనే తెస్త అని గట్టిగ అనుకున్న పిలగాడు ఈయన. మనసుకు మస్తు దెబ్బ తగిలింది.

రెండు టీంలకూ మంచే అయింది, అది వేరే ముచ్చట. శాక్రమెంటో పదహారు సీజన్లు ప్లేఆఫ్స్ మొఖం చూడలె. సబోనిస్ వచ్చినంక 2023ల ఆ కరువు తీరింది. ఇండియానాకేమో ఒక తొవ్వ చూపెట్టేటోడు దొరికిండు. ఏ టీంల అయితే "ఉన్నవాళ్లల్ల ఒకడు" అన్నరో ఆడికెళ్లి వచ్చి, ఇంకో టీంకు పెద్దకొడుకు అయిండు.

2023-24ల ఆటకు సగటున 10.9 అసిస్టులు ఇచ్చిండు. లీగ్ మొత్తంల ఫస్ట్. 2023 డిసెంబర్ 30న న్యూయార్క్ నిక్స్ మీద ఒక్క ఆటల 23 అసిస్టులు. అంతకు ముందు డిసెంబర్ 7న మిల్వాకీ మీద 27 పాయింట్లు, 15 అసిస్టులు. ఆ ఆటల టర్నోవర్ ఒక్కటి లేదు. అంటే అన్ని సార్లు బంతి పంచి, ఒక్కసారి కూడా ఎదుటోని చేతుల పెట్టలె. సెట్టర్‌గ ఆడినోన్ని, నాకు తెలుసు అదెంత కష్టమో. పాస్ ఇచ్చుడంటే చెయ్యి చాపుడు కాదు. పక్కోడు రెండు సెకన్ల తర్వాత ఏడుంటడో ఇప్పుడే చూడాలె.

2024 ఫిబ్రవరిల ఆల్‌స్టార్ ఆట సొంత ఊరు ఇండియానాపొలిస్‌లనే జరిగింది. ఆయన మొదటి ఐదుగురిల ఉన్నడు. అదే ఎండకాలం పారిస్ ఒలింపిక్స్ పోయిన అమెరికా టీంల చోటు దొరికింది. బంగారు పతకం వచ్చింది కానీ ఆడనిచ్చింది మాత్రం శానా తక్కువ. గ్రూప్ ప్రాజెక్టుల పనేం జెయ్యకున్నా ఫస్టు గ్రేడు వచ్చినట్టు ఉందని తన మీద తనే జోకేసుకున్నడు.

65 ఆటల నిబంధన.. పానం ధర ఎంత?

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. జర మనసు పెట్టి చదువుండ్రి.

2024 జనవరి 8న బోస్టన్‌తోని ఆటల కాలు జారింది. రెండు కాళ్లు చెరో దిక్కు చీలినట్టు పడ్డడు. తొడ వెనుక కండరం పట్టేసింది. మామూలుగనైతే మంచిగ అయ్యేదాకా ఇంటికాడ ఉండాలె. కానీ ఆ ఏడాదే లీగ్ కొత్త నిబంధన పెట్టింది. సీజన్ల కనీసం 65 ఆటలు ఆడినోనికే పెద్ద అవార్డులు, "ఆల్ ఎన్‌బీఏ" టీంల చోటు.

అవార్డు రాకుంటే ఏమైతది అంటరా? అండ్లనే కిటుకు ఉంది. ఎన్‌బీఏల ప్రతి టీం జీతాలకు ఏటా ఒక లెక్క కట్టి ఉంటది, దాన్ని శాలరీ క్యాప్ అంటరు. మొదటి కాంట్రాక్టు అయిపోయిన కుర్ర ఆటగానికి ఎక్కువల ఎక్కువ ఆ లెక్కల నూరుకు 25 వంతులు ఇయ్యొచ్చు. ఆల్ ఎన్‌బీఏ టీంల పేరొస్తే అది 30 వంతులు అయితది. హాలిబర్టన్ 2023ల ఐదేండ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టిండు. 25కు, 30కు నడుమ ఫరక్ ఆయనకు దాదాపు నాలుగు కోట్ల డాలర్లు. మన పైసలల్ల మూడు నూర్ల కోట్ల పైమాటే.

ఆటగాళ్లు చిన్న చిన్న సాకులకు కూసుంటుండ్రు, టికెట్టు కొన్న జనం మోసపోతుండ్రు అని లీగ్ ఈ నిబంధన తెచ్చింది. అది కూడా ఉత్త మాట కాదు. వంద మైళ్లు కారు నడుపుకొని పిల్లలను తోలుకొచ్చిన తండ్రికి, ఆ ఆటగాడు బనీను ఏసుకోకుండ బెంచీ మీద కూసుంటే కడుపు మండదా? కానీ నిజంగ నొప్పి ఉన్నోని మెడ మీద కూడా అదే కత్తి వేలాడుతది. హాలిబర్టన్ ఈ నిబంధనను తెలివిలేనిదని మొఖం మీదనే అన్నడు. అనుకుంటనే కుంటుకుంట వచ్చి ఆడిండు. మొదలు తక్కువ నిమిషాలు ఆడిపిచ్చిండ్రు. ఆట ముందటి లెక్క లేకుండె. మొత్తం మీద 69 ఆటలు ఆడిండు, ఆల్ ఎన్‌బీఏ మూడో టీంల పేరొచ్చింది, పైసలు దక్కినయి. ప్లేఆఫ్స్‌ల టీంను ఈస్ట్ ఫైనల్ దాకా తీసుకపోయిండు. అక్కడ బోస్టన్ మీద రెండో ఆటల అదే తొడ కండరం మళ్లా పట్టేసింది. మిగిలిన రెండు ఆటలు ఆడలె. టీం 4-0తోని ఓడింది.

"పైసల కోసం కాలు పణంగ పెట్టిండు" అని ఒక్క మాటల కొట్టిపారెయ్యొద్దు. ఆటగాని బతుకు పదేండ్లు, పదిహేనేండ్లు. నిబంధన రాసినోడు కుర్చీల కూసుంటడు. ఆ నిబంధన కింద ఉరికేటోడు తన కాళ్లతోని లెక్క కట్టాలె.

"లేని గొప్ప" అన్నోళ్ల నోరు మూతపడ్డ కథ

2024-25 సీజన్ మొదట్ల పేసర్స్ 25 ఆటలల్ల పదే గెలిచింది. హాలిబర్టన్ ఆట చప్పగున్నది. ఏప్రిల్‌ల ది అథ్లెటిక్ పత్రిక ఎన్‌బీఏ ఆటగాళ్లనే పేర్లు చెప్పకుండ అడిగింది: లీగ్‌ల ఉన్నదానికన్నా ఎక్కువ పేరొచ్చినోడు ఎవ్వడు అని. అందరి కన్నా ఎక్కువ ఓట్లు హాలిబర్టన్‌కే పడ్డయి. అంటే తోటి ఆటగాళ్లే "ఈనికి అంత సీన్ లేదు" అన్నట్టు.

ఆ ఓట్ల సంగతి బయటికొచ్చిన కొన్ని దినాలకే ప్లేఆఫ్స్‌ల ఏమైందో చూడుండ్రి.

ఒకటి. మిల్వాకీ బక్స్‌తోని ఐదో ఆట. అదనపు సమయంల 40 సెకన్లు ఉన్నయనంగ ఏడు పాయింట్లు వెనుక. ఆఖరుకు 1.3 సెకన్లు మిగిలినప్పుడు దూసుకపోయి బుట్టల వేసిండు. 119-118.

రెండు. క్లీవ్‌లాండ్ కావలియర్స్‌తోని రెండో ఆట. నిమిషం లోపట ఏడు పాయింట్లు వెనుక. ఫ్రీ త్రో తనే తప్పిండు, ఎగిరొచ్చిన ఆ బంతిని తనే పట్టిండు, వెనుకకు జరిగి మూడు పాయింట్ల షాట్ వేసిండు. 1.1 సెకన్లు మిగిలినయి. 120-119.

మూడు. న్యూయార్క్ నిక్స్‌తోని మొదటి ఆట. మూడు నిమిషాల లోపట 14 పాయింట్లు వెనుక. గంట మోగేటాళ్లకు వేసిన షాట్ రింగుకు తాకి ఇంతెత్తు లేసి మళ్లా బుట్టలనే పడ్డది. మూడు పాయింట్లు అనుకొని, గెలిచినం అనుకొని, 1994ల రెజీ మిల్లర్ అదే న్యూయార్క్ జనానికి చూపెట్టినట్టు గొంతు పట్టుకొని చూపెట్టిండు. తీరా చూస్తే కాలు గీత మీద ఉంది, రెండే పాయింట్లు. ఆట సమం. నవ్వులపాలు అయ్యేటోడే, కానీ అదనపు సమయంల 138-135తోని గెలిచి బతికిపోయిండు. అదే సిరీస్ నాలుగో ఆటల 32 పాయింట్లు, 15 అసిస్టులు, 12 రీబౌండ్లు. టర్నోవర్ సున్నా.

నాలుగు. థండర్‌తోని ఫైనల్స్ మొదటి ఆట. ఆట మొత్తంల పేసర్స్ ముందట ఉన్నది ఒకే ఒక్క పారి. 0.3 సెకన్లు మిగిలినప్పుడు, హాలిబర్టన్ షాట్ పడ్డంక. 111-110.

నడుమల ఇంకో ముచ్చట. మిల్వాకీతోని ఆట అయినంక తండ్రి జాన్ ఆగలేక గ్రౌండ్ మీదికి ఉరికి, ఎదుటి టీం పెద్ద ఆటగాడు యానిస్ ముందట కొడుకు బొమ్మ ఉన్న గుడ్డ ఊపిండు. గలాట అయింది. కొడుకే "మా నాయిన చేసింది తప్పు" అని మీడియా ముందట చెప్పిండు. తండ్రి మాఫీ అడిగిండు, కొన్ని ఆటలకు రాకుండ దూరం ఉన్నడు. మన ఊర్లల్ల కబడ్డీ కాడ గిసుంటి నాయినలను ఎంతమందిని చూడలె! తేడా ఏందంటే, ఆడ కొడుకు తప్పును తప్పన్నడు.

పేసర్స్ 2000 తర్వాత ఫైనల్స్ దాకా వచ్చుడు అదే మొదటిపారి. ఎన్‌బీఏ కప్పు ఎన్నడూ గెలవని టీం. ఆ ఊరి జనం ఎంత ఆశ పెట్టుకున్నరో చెప్ప పనిలేదు.

పిక్క పట్టింది, అయినా..

ఫైనల్స్ ఐదో ఆటల కుడికాలు పిక్క పట్టింది. ఆ ఆటల ఆరు షాట్లు వేస్తే ఒక్కటి పడలె, ఫ్రీ త్రోలతోని నాలుగు పాయింట్లే వచ్చినయి. ఎంఆర్‌ఐ తీసిండ్రు. పిక్క కండరం దెబ్బతిన్నది అని తేలింది. సీజన్ మధ్యల అయితే వారాల కొద్ది కూసోబెట్టేటోళ్లు. కానీ టీం 3-2తోని వెనుక ఉంది. ఇంకొక్కటి ఓడితే కథ ఖతం. ఆరో ఆటకు దిగిండు. 23 నిమిషాలు ఆడి 14 పాయింట్లు వేసిండు. 108-91తోని గెలిచిండ్రు. ఏడో ఆటల ఏమైందో మొదలే చెప్పిన. ఆయన పోయినంక కూడా టీం సగం ఆట అయ్యేటాళ్లకు 48-47తోని ముందటనే ఉంది. రెండో సగంల పట్టు తప్పింది. 103-91తోని థండర్ కప్పు ఎత్తుకపోయింది.

ఈ నరం సంగతి తెలుసుకోవాలె. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి పట్టుకునేది అకిలిస్ టెండన్. మన దిక్కు నరం అనే అంటరు. పానంల అన్నిటికన్నా మందంది, గట్టిది అదే. ఎగిరినా, ఉరికినా మనిషి బరువుకు ఎన్నో రెట్ల బరువు దాని మీద పడుతది. పిక్కల బలం సరిగ్గ లేనప్పుడు ఆ బరువు ఎట్ల పంచుకుంటది అనేది డాక్టర్లే ఇంకా వాదించుకుంటుండ్రు. పిక్క పట్టిన ప్రతోనికి నరం తెగదు. కానీ 2019 ఫైనల్స్‌ల కెవిన్ డ్యురాంట్‌కు గిట్లనే అయింది. పిక్క నొప్పితోని నెల దాకా కూసొని, ఐదో ఆటకు దిగి, ఆ ఆటల్నే నరం తెంపుకున్నడు. తర్వాతి సీజన్ మొత్తం పోయింది.

2025 ప్లేఆఫ్స్‌ల అయితే ఈ నరం ముగ్గురు పెద్ద ఆటగాళ్లను కూలగొట్టింది. ఏప్రిల్‌ల మిల్వాకీ డేమియన్ లిల్లార్డ్, మే నెలల బోస్టన్ జేసన్ టేటమ్, జూన్‌ల హాలిబర్టన్. ముగ్గురిదీ సున్నా నంబరే.

మరుసటి దినమే ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆయన ఒక మాట రాసిండు. దాని సారాంశం ఏందంటే, ఆడినందుకు పశ్చాత్తాపం లేదు, మళ్లా అదే గడియ వస్తే మళ్లా అదే చేస్త అని. 2025-26 సీజన్ మొత్తం ఆడడు అని టీం జులైల్నే చెప్పేసింది. ఆయన లేని పేసర్స్ ఆ సీజన్ మొదట్ల ఓటమి మీద ఓటమి చూసింది. "లేని గొప్ప" అన్న మనిషి లేకుంటే టీం ఏమైతదో అప్పుడు అందరికి తెలిసింది.

ఆయన ధైర్యం తీసుకుందాం, లెక్క కూడా తీసుకుందాం

ఆ పొద్దు నేను ఏడ్సినంత పని చేసిన. ఎందుకో ఇప్పుడు చెప్త.

పదేండ్ల కింద దసరా అప్పుడు మండల టోర్నమెంట్. సెమీఫైనల్ల మోకాలు మెలిపడ్డది. లోపట ఏదో "టక్" అన్నది. ఉబ్బింది. దోస్తులు ఐస్ ముక్కలు తెచ్చిండ్రు, ఒకడు స్ప్రే కొట్టిండు, ఇంకొకడు గుడ్డ బిగ్గర కట్టిండు. "గింత దానికి కూసుంటవారా, ఊరి ఇజ్జత్" అన్నరు. నేను కూడా అదే అనుకున్న. ఫైనల్ ఆడిన, గెలిచినం. ఫస్ట్ ప్రైజ్ ఐదు వేలు, ఎనిమిది మందిమి పంచుకున్నం. తర్వాత పట్నంల డాక్టర్ చూసి, లోపట నరం తెగింది, ఆపరేషన్ చెయ్యాలె అన్నడు. ఖర్చు విని నాయిన మొఖం చూసిన. ఇంటికొచ్చినం. ఇయ్యాలటికి నేను నాటు కాడ ఎక్కువ సేపు వొంగలేను, గొంతుకూసుండలేను.

హాలిబర్టన్ చేసిందీ, నేను చేసిందీ పైకి చూస్తే ఒక్కటే. నొప్పి ఉన్నా టీం కోసం దిగుడు. కానీ ఆయన కింద ఏముందో చూడుండ్రి. దిగేముందు ఎంఆర్‌ఐ ఉంది. టీం డాక్టర్లు, ఫిజియోలు పగలు రాత్రి పక్కనే ఉన్నరు. నరం తెగిన మరునాడే ఆపరేషన్ అయింది. అన్నిటి కన్నా పెద్దది, ఆయన కాంట్రాక్టు గ్యారంటీ కాంట్రాక్టు. ఒక్క ఆట ఆడకున్నా ఆ ఏడాది జీతం దాదాపు 4.5 కోట్ల డాలర్లు వస్తది. ఆ గ్యారంటీ ఊకె రాలె. ఎన్‌బీఏ ఆటగాళ్లకు 1954ల పెట్టుకున్న సంఘం ఉంది. ఏండ్ల కొద్ది ఓనర్లతోని కొట్లాడి తెచ్చుకున్న హక్కులు అవి.

నా కింద ఏముండె? ఒక గుడ్డ, ఒక స్ప్రే డబ్బా.

నేను ఆయనను తప్పు పడుతలేను. తెలిసి, చూసుకొని, తన పానం మీద తనే నిర్ణయం తీసుకున్నడు. 25 ఏండ్లకు కప్పుకు ఒక్క ఆట దూరంల నిలబడ్డోన్ని "కూసో" అని చెప్పే నోరు నాకు లేదు. నేను చెప్పేది మనకు. రీల్స్‌ల ఆ నాలుగు షాట్లు చూస్తం, నొప్పితోని ఆడిన ముచ్చట చూసి రోమాలు నిక్కబొడుచుకుంటయి. ఆ వీడియోల ఎంఆర్‌ఐ మిషిను కనబడది, కాంట్రాక్టు కాయిదం కనబడది. కనబడే సగం చూసి మనం బరిలకు దిగుతం.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, మూడు మాటలు యాది పెట్టుకోండ్రి.

పిక్క గానీ, తొడ గానీ పట్టేస్తే ఆ దినం ఆట అయిపోయినట్టే. ఉరుకుతుంటే వెనుకకెళ్లి ఎవ్వడో కట్టెతోని కొట్టినట్టు అనిపించి, మునిగాళ్ల మీద లేవరాకపోతే, తోముడు, పిసుకుడు పెట్టుకోకుండ్రి. సీదా దవాఖానకు, ఎముకల డాక్టర్ కాడికి పోండ్రి. ఎంత తొందరగ పోతే అంత మంచిది.

టోర్నమెంట్ పెట్టేటోళ్లకు ఒక మాట. ఎంట్రీ ఫీజు తీసుకుంటరు, ఫ్లెక్సీలకు, డీజేకు, శాలువాలకు పైసలు పెడుతరు. అండ్లకెళ్లే ఒక ఫిజియోథెరపీ తెలిసినోన్ని, ఐస్ డబ్బాను, దవాఖానకు తీసుకపోను ఒక బండిని తయారు ఉంచుండ్రి. ఆడే పిల్లలకు ఆ మూడు దినాలకన్నా ప్రమాద బీమా చేపియ్యండ్రి. దెబ్బ తగిలినోన్ని "ఊరి ఇజ్జత్" అని లేపకుండ్రి.

ఇగ టీంల బంతి ఇచ్చేటోన్ని మరువకుండ్రి. కొట్టినోని ఫొటో స్టేటస్ పెట్టినప్పుడు, లేపినోని పేరు కూడా రాయుండ్రి.

ఈ దసరాకు మా ఊర్ల మళ్లా టోర్నమెంట్ ఉంది. ఆడలేను కానీ, గ్రౌండ్ కాడ కుర్చీ ఏసుకొని కూసుంట. ఎవ్వడన్నా కుంటుకుంట వచ్చి "అన్నా, గుడ్డ గట్టు, ఆడుత" అంటే, కట్ట. పక్కకు కూసోబెట్టి, హాలిబర్టన్ ముచ్చట చెప్త. మొత్తం ముచ్చట, కాంట్రాక్టు కాయిదంతోని సహా.